చెంచా చప్పుడు

"అక్కా, ఆ గ్లాసు చప్పుడు మైకులో పడుతోంది. కాసేపు బయట కూర్చుంటారా?"

రేడియో అమ్మాయి నవ్వుతూనే అడిగింది.

మూడో కప్పులో చెంచా ముంచబోతున్న ఆవిడ ఆగిపోయింది. కాఫీ రుచి చూసి మంచిచెడ్డలు చెప్పే రుచి మాస్టారి వైపు చూసింది.

కాఫీ పనివాళ్ళతో కబుర్లు చెప్పించడం ఆ అమ్మాయి కార్యక్రమం. గింజలు వేయించేవాళ్ళతో, కౌంటరు వెనక కాఫీ కలిపేవాళ్ళతో పదకొండు వారాలు మాట్లాడింది. పన్నెండో వారానికి మాస్టారు దొరికారు. ఒక్క చెంచాడు జుర్రి, గింజ పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తారని ఆయనకు పేరు.

బల్ల మీద ఐదు కప్పులు. ఐదుగురు రైతుల పంట. ఏది ఎవరిదో మాస్టారికి తెలియదు. ఆయన ఔనన్న గింజే ఆ కంపెనీ కొంటుంది.

వరండాలో ఒక ముసలి జంట పొద్దుటి నుంచీ కూర్చుని ఉంది. ఈసారి కూడా కాదంటే మొక్కలు పీకేస్తామని వాళ్ళు ఆ అమ్మాయితో చెప్పారు కూడా.

మొదటి రెండు కప్పుల దగ్గరా ఒకటే తంతు. ఆవిడ పైన తేలిన నురగ తీసేది. వేడి చూడటానికి కాబోలు, ఒక చెంచా తను తాగేది. చెంచాను నీళ్ళ గ్లాసులో జాడించి, అంచుకు టింగుమని తట్టేది. అప్పుడు మాస్టారు జుర్రున పీల్చి కళ్ళు మూసుకునేవారు.

"వాన వెలిశాక తడి చెక్క వాసన. ఎండబెట్టేటప్పుడు తొందరపడ్డారు. వద్దు."

అమ్మాయి మురిసిపోయింది. మర్యాదకి ఆవిణ్ణి కూడా అడిగింది.

"మీకెలా ఉందక్కా?"

"బాలేదు."

అంతే. దాంతో రేడియోలో అర నిమిషం కూడా గడవదు.

మాస్టారి మాటల మధ్య ఆ టింగు మాత్రం పంటి కింద రాయిలా తగులుతోంది. అందుకే బయటికి వెళ్ళమంది.

మాస్టారు ఏదో అనబోయారు. మైకు మీద ఎర్ర దీపం వెలుగుతోంది.

"సరే, వెళ్ళు," అన్నారు.

ఆవిడ వెళ్ళిపోయింది.

మాస్టారు మూడో కప్పు జుర్రారు. కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు.

ఎంత ఏకాగ్రతో అనుకుంది అమ్మాయి.

"పులుపు మితిమీరింది. వద్దు."

నాలుగోది తీసుకోమన్నారు. ఐదోది వద్దన్నారు.

మేనేజరు జాబితా పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు.

"మూడో కప్పు మీదేనండీ. ఈసారికీ లేదు."

ముసలాయన లేచి, భార్య చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

కప్పులు తీయడానికి ఆవిడ లోపలికి వచ్చింది. చల్లారిన మూడో కప్పులోంచి ఒక చెంచా తాగింది. ఆగి, ఇంకో చెంచా తాగింది. చెంచా కడిగి గ్లాసుకు తట్టింది.

టింగ్. టింగ్.

మాస్టారి ముఖం పాలిపోయింది.

"మిగిలిన కాఫీ తాగుతోందేమిటండీ?" అమ్మాయి ఆయన చెవిలో గొణిగింది.

మాస్టారు తల దించుకున్నారు. ఆవిడ ఆయన్నే చూస్తూ నిలబడి, చివరికి కప్పులు ఎక్కడివక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆ వారం కార్యక్రమానికి వచ్చినన్ని మెచ్చుకోళ్ళు మరే వారానికీ రాలేదు.

ఏడాది తర్వాత మాస్టారు రేడియో స్టేషన్‌కి వచ్చారు. చిక్కిపోయి ఉన్నారు.

"ఆ రోజు రికార్డు చేసింది ఒకసారి వినిపిస్తావా, తల్లీ?"

"అయ్యో, దానికేం భాగ్యం!"

హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. కాసేపటికే తెరిచారు.

"నా గొంతుకి ముందు టింగుమనాలి కదా?"

"ఆ చప్పుడా? వెతికి వెతికి మరీ తీసేశానండీ," అంది అమ్మాయి, గొప్పగా.

"తీయకముందుది ఉందా?"

"లేదండీ. చెరిపేశాను."

మాస్టారు హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏం మాస్టారూ? ఆవిడ బాగున్నారా?"

"పోయిన నెల పోయింది. ఆ రోజు తర్వాత మళ్ళీ చెంచా పట్టలేదు. ఆ ముసలాళ్ళు మొక్కలు పీకేశారని తెలిశాక నాతో మాట్లాడటం కూడా మానేసింది."

అమ్మాయికి అర్థం కాలేదు.

"చెంచాలు కడిగే ఆవిడకి అంత బాధ ఎందుకండీ?"

"తప్పు నీది కాదు. నేను నోరు విప్పాల్సింది. పేరు పోతుందని భయపడ్డాను."

ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

"జ్వరం వచ్చి నాకు వాసనా, రుచీ పోయి ఏడేళ్ళయింది తల్లీ. ఒక టింగంటే వద్దని, రెండు టింగులంటే తీసుకోమని, నాకీ పని నేర్పిన మా అక్కయ్య పక్కన నిలబడి చెబుతుంటేనే ఇన్నాళ్ళూ నేను రుచి మాస్టార్ని."