ఆ పదహారు కిలోలు

మా కొండచిలువ మరీ ఒళ్లు చేస్తోందని మా ఆయన పార్జిమన్ దాని తిండికి కత్తెర వేశాడు. మూడు వారాలకో కుందేలు వేసేవాడు కాస్తా రెండు నెలలకొకటి చేశాడు. అయినా గోడ మీది చార్టులో దాని బరువు నెలనెలా పెరుగుతూనే ఉంది.

తలుపు చప్పుడైతే చాలు, అది తలెత్తి నా వంక చూసేది. నా ప్రాణం ఉసూరుమనేది.

"పాపమండీ, దాని కడుపు మాడిపోతోంది."

"అది ఆకలి కాదు, అలవాటు. పెద్ద పాముల్ని పెంచేవాళ్లు గుండె రాయి చేసుకోవాలి," అనేవాడు, నేను వేయించిన టెంపే అనే సోయా గింజల అచ్చు ముక్కలు కరకరా నములుతూ.

చివరికి సెమరాంగ్‌లో పాముల డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ దాని వెన్ను తడిమి చూసింది.

"ఎముకలు చేతికి తగులుతున్నాయి. ఇది ముప్పై ఆరు కిలోలా? ఎలా తూచారు?"

"మెడలో వేసుకుని కాటా ఎక్కుతాను డాక్టర్. వచ్చినదాంట్లోంచి నా బరువు తీసేస్తాను," అన్నాడు మా ఆయన.

"మీ బరువు ఎప్పుడు చూసుకున్నారు?"

"మా పెళ్లప్పుడు."

డాక్టరమ్మ పామును బుట్టలో పెట్టి తూచింది. సరిగ్గా ఇరవై కిలోలు.

"మరి ఆ పదహారు కిలోలూ ఎవరివి?" అని అడిగిందావిడ.

నేను పార్జిమన్ పొట్ట వంక చూశాను. పాము కూడా అటే చూసినట్టనిపించింది.

ఇంటికి రాగానే దానికి కుందేలు పడింది. సాయంత్రం బాణలిలో నూనె చిటపటలాడగానే మా ఆయన వంటింటి వైపు తలెత్తాడు.

"అది ఆకలి కాదండీ," అన్నాను, టెంపే పళ్లెం గోడ మీదుగా పక్కింటావిడకి అందిస్తూ, "అలవాటు."