తుమ్మలబావి దారి

“సగం లారీలు ఇటు, సగం అటు పంపిస్తే సరిపోతుంది కదా?” అన్నాడు గిరీష్.

అతను రోడ్ల శాఖలో ఇంజినీరు. యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీ సెమినార్ హాల్లో, రెండు ఊళ్లవాళ్ల ముందు కూర్చుని ఉన్నాడు. క్రషర్ల నుంచి హైవేకు వెళ్లే కంకర లారీలన్నీ ఇన్నాళ్లూ కొండాయిపేట మీదుగానే పోతున్నాయి. ఈ ఏడాది బడి ముందే ఇద్దరు పిల్లలు లారీ కింద పడి చనిపోయారు. ఊరు ఊరంతా వచ్చి రోడ్డు మీద కూర్చుంది. లారీలకు ఇంకో దారంటూ ఉంటే అది తుమ్మలబావి మీదుగా వెళ్లేదే. ఏ దారి మేలో చూసి చెప్పమని జిల్లా అధికారులు యూనివర్సిటీని అడిగారు. సర్వే చేసిన రీసెర్చ్ స్కాలర్ ప్రవళిక, గోడకు తగిలించిన మ్యాపు పక్కన నిలబడి ఉంది.

“కుదరదు సార్,” అందామె. “కొండాయిపేటలో బడి గేటు నేరుగా రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. లారీ వస్తే పిల్లలు తప్పుకోవడానికి జాగా లేదు. సగం తగ్గించినా మిగతా సగం ఆ గేటు ముందు నుంచే పోవాలి.”

కొండాయిపేటవాళ్లు చాలామందే వచ్చారు. తుమ్మలబావి నుంచి మాత్రం ఒక్క బాలస్వామే వచ్చాడు. అరవై దాటిన రైతు. వెనక వరసలో కూర్చున్నవాడు లేచి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

“మేడం, జర మా దిక్కు గూడ చూడుండ్రి,” అన్నాడు. “మా ఇల్లు రోడ్డుకు ఆనుకొనే ఉన్నది. మా ఇంటామెకు దమ్ము రోగం, ఊపిరాడది. ఇప్పుడే రాత్రంతా కూసోనే తెల్లారుస్తది. లారీల దుమ్ము లేస్తే ఆమె బతుకుడెట్ల?”

ప్రవళిక కాగితాల మీంచి తల ఎత్తలేదు. “మీరు కూర్చోండి,” అని మాత్రం అంది.

గిరీష్‌కు ఆ తీరు నచ్చలేదు. అతనిది కడప వైపు పల్లె. చిన్నప్పుడు నాపరాళ్ల లారీలు పోతుంటే అన్నం కంచాల మీద మూతలు పెట్టుకుని తిన్న ఇల్లు వాళ్లది. తార్నాకలో గది తీసుకుని మ్యాపులు గీసేవాళ్లకు ఆ దుమ్ము సంగతి ఏం తెలుస్తుందనుకున్నాడు. సగం సగం పంచే మాట ఇంకోసారి ఎత్తాడు. ప్రవళిక ఒప్పుకోలేదు. తుమ్మలబావి రోడ్డు వెడల్పుగా ఉందని, దాని మీద బడి లేదని, ఇళ్లు కూడా తక్కువని వివరించింది. లారీలకు టార్పాలిన్ పట్టాలు కప్పాలని, ఊళ్లో రోడ్డు మీద రోజూ నీళ్లు చల్లించాలని, చీకటి పడ్డాక ఒక్క లారీని కూడా వదలొద్దని షరతులు చదివింది.  మధ్యలో ఒకచోట ఆపి, గ్లాసు అందుకుని రెండు గుక్కలు నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది.

కాదనడానికి గిరీష్‌కు కారణం దొరకలేదు. లారీలన్నిటినీ తుమ్మలబావి మీదికి మళ్లించాలని, కొండాయిపేట మలుపు దగ్గర పోలీసును పెట్టాలని సిఫారసు రాశాడు. కొండాయిపేట ఆడవాళ్లు ప్రవళిక చేతులు పట్టుకుని ఏడ్చారు. ఆ గుంపు పక్క నుంచి బాలస్వామి నెమ్మదిగా బయటికి నడిచాడు.

గిరీష్ మనసు ఊరుకోలేదు. ఆయన్ను కారెక్కించుకుని తార్నాక దాకా దింపుతానన్నాడు. దారిలో, ఊరివాళ్లు ఒక్కరినే ఎందుకు పంపారని అడిగాడు.

“నేను చెప్తే పని అయితదనుకున్నరు సార్,” అన్నాడు బాలస్వామి.

“మరి ఇప్పుడు వెళ్లి ఏం చెప్తారు?”

ఆయన తువ్వాలు మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. “మేడం చెప్పింది న్యాయమే అని చెప్తా. తిడితే తిడతరు. మా ఇంటామెకే ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు.”

 మాట మార్చడానికి గిరీష్, పట్నంలో మీవాళ్లు ఎవరైనా ఉన్నారా అన్నాడు. ఒక బిడ్డ ఉందని, చదువుకుంటోందని చెప్పాడాయన. ఆమె దగ్గర దింపమంటారా అంటే వద్దన్నాడు. ఆమెకు చానా పని ఉన్నదని, ఇయ్యాల కలిసేటట్టు లేదని అన్నాడు. కన్నతండ్రి ఊరి నుంచి వస్తే చూడ్డానికి తీరిక లేని పిల్ల ఎవరో అని గిరీష్ మనసులోనే విసుక్కున్నాడు. తార్నాక చౌరస్తాలో దిగి, ఆయన దణ్ణం పెట్టి ఉప్పల్ బస్సెక్కాడు.

రిపోర్టు మీద ప్రవళిక సంతకం మిగిలిపోవడంతో గిరీష్ మళ్లీ క్యాంపస్‌కు వచ్చాడు. హాలు ఖాళీ అయింది. ఆమె ఒక్కతే ముందు వరసలో కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచింది.

“ఆయనకు బస్సు దొరికిందా సార్? సీటు ఉందా?”

గిరీష్‌కు కోపం వచ్చింది. సంతకం కాగితం ఆమె ముందు పెట్టి, మెల్లగానే అన్నాడు: “ఇప్పుడు అడుగుతున్నావు గానీ, అప్పుడు ఒక్కసారి తలెత్తి చూసుంటే బాగుండేదమ్మా. నీ తీర్పు తప్పని నేననను. కానీ అంత పెద్దమనిషి నిలబడి, మేడం మేడం అని బతిమాలుతుంటే ఆయన మొహమైనా చూడలేదు నువ్వు.”

ప్రవళిక సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి, కాగితం అతని వైపు జరిపింది.

“చూస్తే ఆ మాట చెప్పలేకపోయేదాన్ని సార్.”

“ఎందుకు?”

“ఆయన మా నాయన.”