ఆమోసు గారి పాత స్టేషన్ వ్యాగన్

బేరం అయిదు నిమిషాల్లో తెగింది. సుందర్ రాజ్‌కి మింగుడు పడనిది అదే.

అతను దేశం కాని దేశంలో, చలికాలం మంచు కురిసే అరోరా అనే ఊళ్లో మసాలా దినుసులూ చీరలూ అమ్మే కొట్టు పెట్టి మూడు నెలలైంది. అంతకు ముందు అదే దేశంలో మంచు ఎరగని ఫ్రీమాంట్‌లో ఉండేవాడు. సరుకు తెచ్చుకోవాలన్నా, నెల తప్పిన భార్య నవోమిని డాక్టరు దగ్గరికి తిప్పాలన్నా బండి కావాలి. తెలుగు చర్చికి వచ్చే ఆమోసు అనే పెద్దాయన తన పాత స్టేషన్ వ్యాగన్, వెనక సరుకు పట్టే పొడుగాటి కారు, అమ్ముతానన్నాడు.

టైర్లు అరిగాయన్నాడు సుందర్ రాజ్. తలుపు కింద తుప్పన్నాడు. స్టీరింగు వదులన్నాడు. చెప్పిన ధరలో సగానికి అడిగాడు, ఎదుటివాడు గింజుకుంటే కొంత పెంచడానికి సిద్ధపడే.

"నీ ఇష్టం బాబూ," అని ఆమోసు తాళాలు చేతిలో పెట్టేశాడు.

ఎదురు బేరమాడలేదంటే సరుకులో ఏదో దాస్తున్నాడని సుందర్ రాజ్ లెక్క. ఆ లెక్క కొట్లో ఎన్నడూ తప్పలేదు.

అది 1984 ఆగస్టు. ఎండకి బండి వేడెక్కేది. కాకినాడలో వాళ్ల నాన్న సరుకుల వ్యానుకి పోసినట్టే, చెంబుతో రేడియేటర్‌లో నీళ్లు పోసి నడిపాడు.

"చూశావా, ముసలాయన దాచింది ఇదీ," అన్నాడు నవోమితో. తన లెక్క సరిపోయినందుకు కాస్త తృప్తి కూడా పడ్డాడు.

అక్టోబరులో ఆమోసు కొట్టుకొచ్చాడు. బండి ఒక్క గంట ఇస్తే చలికాలానికి రెడీ చేసి తెస్తానన్నాడు. రేడియేటర్‌లో ఏం పోస్తున్నావని అడిగాడు.

"నీళ్లే అంకుల్. ఇంకేం పోస్తారు?"

ఆమోసు మొహం మారింది. ఇక్కడి చలికి ఆ నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పగులుతుందనీ, చలికి గడ్డకట్టని యాంటీఫ్రీజ్ ద్రవం పోయాలనీ చెప్పాడు.

సుందర్ రాజ్ విన్నాడు గాని నమ్మలేదు. అమ్మినవాడు తిరిగి గుమ్మమెక్కాడంటే, తక్కువకిచ్చానని ఇంటికెళ్లాక తెలిసొచ్చి ఉంటుంది. ఇప్పుడు రిపేరు పేరు చెప్పి ఇంకొంత రాబట్టాలి.

"బిజీగా ఉన్నా అంకుల్, తర్వాత చూద్దాం," అన్నాడు.

కొట్లో ఒక్క బేరమూ లేదు.

నవంబరులో ఆమోసు మళ్లీ వచ్చాడు. సుందర్ రాజ్ వెనక గదిలోకి తప్పుకుని, లేనని నవోమి చేత చెప్పించాడు.

డిసెంబరు మొదటి ఆదివారం. లోపల ఆరాధన జరుగుతుండగా, బండిలో మర్చిపోయిన శాలువా కోసం బయటికొచ్చిన సుందర్ రాజ్ నిలబడిపోయాడు.

తన బండి బానెట్ ఎత్తి ఉంది. కింద మంచు మీద నీళ్ల మడుగు. పక్కన రెండు ఖాళీ డబ్బాలు. బండి ముందునుంచి ఒక కరెంటు తీగ వేలాడుతోంది. ఆమోసు చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

సుందర్ రాజ్ కేకలు విని లోపలివాళ్లు బయటికొచ్చారు.

"అమ్మేసిన బండి మీద చెయ్యి వేస్తే దాన్నేమంటారు అంకుల్? మీరే చెప్పండి."

ఆమోసు బానెట్ నెమ్మదిగా దించి, గుడ్డతో చేతులు తుడుచుకుని, జనంలో ఉన్న నవోమి వైపు తిరిగాడు.

"చలి ముదిరిన రోజున సాయంత్రమే ఈ తీగ ప్లగ్‌లో పెట్టమ్మా. ఇంజన్ వెచ్చగా ఉంటుంది."

ఆ తర్వాత ఆయన చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, చివరి ప్రార్థన కాకముందే లేచి వెళ్లిపోయేవాడు.

సుందర్ రాజ్ ఆ తీగ కత్తిరించి పారేద్దామనుకున్నాడు. నవోమి కత్తెర దాచేసింది.

జనవరి మూడో ఆదివారం పొద్దున్న రేడియోలో మైనస్ ఇరవై అయిదు డిగ్రీలన్నారు. ఆ పొద్దున్నే నవోమికి నొప్పులొచ్చాయి, రోజులు నిండకుండానే.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే గంటన్నర పడుతుందన్నారు. ఎదుటి వాటాలో ఉండే దామోదర్ తన కొత్త కారు తాళం తిప్పాడు. అది ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

సుందర్ రాజ్ పాత వ్యాగన్ దగ్గరికి పరిగెత్తాడు, ఆశ లేకుండానే. బండి ముందునుంచి తీగ మంచు మీదుగా ఇంటి గోడ దాకా సాగి ఉంది.

"నిన్న సాయంత్రమే పెట్టానండీ," అంది నవోమి గుమ్మం పట్టుకుని. "చెబితే పీకేస్తారని చెప్పలేదు."

తాళం తిప్పాడు. రెండోసారికి అందుకుంది.

పదకొండింటికి ఆడపిల్ల పుట్టింది. పేగు మెడకి చుట్టుకుందనీ, ఇంకో అరగంట ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదనీ డాక్టరు చెప్పింది.

వెళ్లి ఆమోసుకి చెప్పాలి. సుందర్ రాజ్‌కి తెలుసు. కానీ నలుగురిలో అన్న మాటని నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. ఎటు తూచినా అందులో తనకి నష్టమే కనిపించింది. ఈ ఆదివారం అనుకున్నాడు. పై ఆదివారం అనుకున్నాడు.

పిల్ల పుట్టాక నాలుగో ఆదివారం, ఆమోసు గారు ప్రభువునందు నిద్రించారని పాస్టరు గారు చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిందట.

సమాధి చేసి వచ్చాక సుందర్ రాజ్ పిల్లనెత్తుకుని ఆయన భార్య ప్రేమజ్యోతి ముందు కూర్చున్నాడు. పిల్ల పుట్టిన పొద్దుటి సంగతంతా చెప్పాడు. ఆఖరికి అసలు మాట బయటికొచ్చింది.

"అంకుల్‌కి బేరమాడటం రాదని, మరీ తక్కువకి కొట్టేశాను ఆంటీ."

ఆవిడ ఏడుస్తూనే నవ్వింది.

"ఆయనకా? బెజవాడలో ముప్పై ఏళ్లు పాత లారీల బ్రోకరు బాబూ ఆయన. ఆ బండికి ఎక్కువిస్తామని నీకంటే ముందు ఇద్దరొచ్చారు, పంపించేశారు. నీ భార్య నీళ్లోసుకుందనీ, మీకు బండి లేదనీ నేనే చెప్పాను."

పిల్ల కాళ్ల మీదికి శాలువా లాగి కప్పింది.

"జన్మలో ఆ ఒక్క బేరమే ఓడిపోయి ఇంటికొచ్చారు, ఆ పూట ఎన్నడూ లేంది, మారు వడ్డించమని అడిగి తిన్నారు."