గంధం పెట్టిన టేపు

“ఏందమ్మా ఇది? టేపా, పెండ్లి పత్రికా?”

లోకనాథన్ అలా అడగ్గానే గదిలో ఉన్న మిగతా ఇద్దరూ పక్కున నవ్వారు. సుధ తల వంచుకుంది. ఆమె బల్ల మీద పెట్టిన నల్లటి టేపు డబ్బాకి నాలుగు మూలలా గంధం ఎండి పగుళ్ళిచ్చింది. నడిమధ్య రూపాయి బిళ్ళంత కుంకుమ.

“నిన్న ఆయుధ పూజ గదా సార్. మా అత్తమ్మ పెట్టేసింది. నేను చూసుకోలా.”

“బొరుగులూ బెల్లం యాడక్కా? ఒట్టి చేతుల్తో వస్తివే!” అన్నాడు ఆనంద్. పక్కనున్న శ్యామ్‌సుందర్ బల్ల చరిచాడు.

లాస్‌పేటలోని ఆ కంప్యూటర్ కంపెనీలో శిక్షణకి అది చివరి రోజు. ఊళ్ళోని ఆసుపత్రులూ కాలేజీలూ తమ సమాచారమంతా ఆ కంపెనీ సర్వర్లలోనే దాచుకుంటాయి. దాన్ని కాపాడే ఉద్యోగం ఒక్కటే ఉంది, నేర్చుకున్నవాళ్ళు ముగ్గురు. చెన్నై నుంచి వచ్చి నేర్పిన లోకనాథన్ ఎవరి పేరు చెబితే వాళ్ళకే ఆ ఉద్యోగం. తన పేరు చెప్పకపోతే సుధ విల్లియనూరులో మామగారి ఎరువుల కొట్లో కూర్చోవాలి. మామగారు అప్పుడే కుర్చీ కూడా వేయించి పెట్టారు.

పరీక్ష సులువైనదే. పండగ సెలవుకి ముందు ముగ్గురూ తమ తమ ఫైళ్ళను టేపుల మీదికి ఎక్కించారు. ఆ టేపును ఎవరిది వాళ్ళు ఇంటికి తీసుకుపోవాలి. ఆఫీసు తగలబడినా, వరదొచ్చి మునిగినా, నకలు ఒకటి బయట బతికి ఉండాలి. లోకనాథన్ చెప్పిన మొదటి పాఠమే అది. ఇవాళ ఆయన సర్వర్‌లో ఉన్న ఫైళ్ళు చెరిపేశాడు. ఇంటి నుంచి తెచ్చిన టేపుతో వాటిని మళ్ళీ రప్పించాలి.

సుధ చీర కొంగుతో టేపును గట్టిగా రుద్దింది. గంధం రాలింది గానీ కుంకుమ ఇంకాస్త పరుచుకుంది.

“పైన తుడిస్తే చాలదమ్మా. లోపల రవ్వంత పొడి ఉన్నా టేపును చదివే డ్రైవు గోవిందా. లోపలికి పోయిందేమో ఇంటికి ఫోన్ చేసి కనుక్కో,” అన్నాడు లోకనాథన్.

సుధ వరండాలోకి వెళ్ళింది. అవతల ఆమె అత్త తాయారమ్మ మొదటి మాటలోనే అందుకుంది.

“ఆఫీసు సరుకంతా దాంట్లోనే ఉండాదంటివి గదే? కత్తిపీటకి పెట్టి, తూకంరాళ్ళకి పెట్టి, దానికి పెట్టకుంటే పాపం గాదా?”

“సరే అత్తమ్మా. లోపలికేమన్నా పోయిందా?”

“పోయేదేంది, నేనే పెడితిని. పక్కన చిన్న తలుపుండాది జూడు, గోటితో తెరిచి లోపల గూడా పెట్టినా. వాకిట్లో బొట్టు పెట్టి, లోపలుండే ఆయమ్మకి పెట్టకుండా వస్తామా?”

సుధ ఫోన్ కట్టేసింది. అత్త మాటలు గదిలోవాళ్ళకి వినబడలేదు. లోపల ఏమీ లేదని ఒక్క ముక్క అంటే, టేపు డ్రైవులోకి పోతుంది. ఆ తర్వాత ఏమైనా యంత్రం తప్పే.

ఆమె గదిలోకి వచ్చి, “లోపల గూడా ఉండాది సార్. దీన్ని డ్రైవులో పెట్టొద్దు,” అంది.

లోకనాథన్ దాన్ని పక్కకి జరిపి, ఆనంద్ వైపు చెయ్యి చాపాడు.

ఆనంద్ సంచిలోంచి టేపు తీశాడు. గీత కూడా పడకుండా మెరుస్తోంది. “మూలకుళంలో మా ఇంటి బీరువాలో, మా అమ్మ పట్టుచీరల నడుమ పెట్టినా సార్. నిన్న గంధం గిన్నె పట్టుకోని వచ్చింది మా అమ్మ. బీరువాకి పెట్టుకోమ్మా, లోపల చెయ్యి పెట్టావంటే ఊరుకోనని అరిచినా.”

టేపు డ్రైవులోకి పోయింది. గుర్రుమంటూ తిరిగింది. కాసేపటికి ఫైళ్ళన్నీ తెర మీద బారులు తీరాయి. శ్యామ్‌సుందర్ టేపూ అంతే. “మాది పూజ గది దిక్కుకే పోనీయలేదు సార్,” అన్నాడతను. ఒక్క ఫైలూ తప్పిపోలేదు.

సుధ తన టేపును రుమాలులో చుట్టి సంచిలో వేసుకుంది.

“ఎరువుల కొట్లో కాటా ఉంటాది గదక్కా. దానికెంత గంధం పెట్టినా అడిగేవాడు లేడు,” అన్నాడు ఆనంద్.

“యూరియాకి రా అబ్బయ్యా, నీ మొహానికీ రవ్వంత పెడతా,” అని ఆమె తలుపు దాకా నడిచింది.

“యాడికమ్మా పోయేది? కూర్చో,” అన్నాడు లోకనాథన్. “సోమవారం నుంచి ఈ ఉద్యోగం నీది.”

సుధ నిలబడిపోయింది. ఆనంద్ మాత్రం కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

“ఏంది సార్ ఇది? ఆ యక్క టేపు పాడు చేసుకోని వచ్చింది గదా!”

“అత్తగారికి ఒక మాట చెబితే తీరిపోయే తప్పు అది.”

“మరి మేం చేసిన తప్పేంది? ఇంట్లో భద్రంగా పెట్టినాం, పొద్దున్నే తెచ్చినాం, మీ ఎదురుగానే ఎక్కించినాం. అన్నీ వచ్చినాయి గదా?”

“వచ్చినాయి.”

లోకనాథన్ డ్రైవులోంచి శ్యామ్‌సుందర్ టేపు బయటికి తీశాడు. దాన్ని ఆనంద్ టేపు పక్కన పెట్టాడు.

“నిన్న ఈ ఆఫీసులో పూజ చేసింది నేనే నాయనా. మీ సొరుగుల్లో ఉన్న ఈ రెండిటికీ గంధం పెట్టబోయి, డ్రైవు పాడవుతుందని ఊరుకున్నా.”