గ్రాఫు కాగితం మీద ఎర్ర గీత

బీపీ మిషన్ ఇంటికి వచ్చిన రోజే బూరుల్ అపా (ఆ కొండ ఊళ్ళల్లో పెద్దావిడల్ని అపా అనే పిలుస్తారు) ఇల్లెగిరిపోయేలా కేక పెట్టింది.

"తియ్యవే దీన్ని! చెయ్యి నలిపేస్తోంది. నన్ను చంపుదామనా?"

కోడలు జిపార్ హడలిపోయి పట్టీ విప్పేసింది. ఆ మిషన్ రష్యాలో తాపీపని చేస్తున్న కొడుకు మక్సత్ పంపింది. వాడు ఫోనులో మరీ మరీ చెప్పాడు, అమ్మ బీపీ రోజూ చూడమని.

పట్నం నుంచి సమత్ డాక్టరు ఇంకా గట్టిగా చెప్పాడు. "పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి చూడాలి. ఒక్క పూట తప్పకూడదు. మిషన్ ఎంత చూపిస్తే అంతే రాయాలి, సొంతంగా ఒక్క అంకె వేసినా ప్రాణం పోతుందమ్మా!"

చలికాలం కనుమ మంచుతో మూసుకుపోతే ఆ కొండ ఊళ్ళకు డాక్టరు వెళ్ళలేడు. అందుకే నలభై మంది ముసలివాళ్ళ అంకెలు ఫోనులో చెప్పించుకుని, మనిషికో గ్రాఫు కాగితం పెట్టి, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకునేవాడు. మనుషుల కన్నా ఆ గీతలంటేనే ఆయనకు గురి.

మొదటి రోజు అపా అంత గోల పెట్టినా జిపార్ ఒక్క పూట తప్పలేదు. ఆవు పాలు పితికి, పొయ్యి రాజేసి, ఉప్పు టీ కాచి, ఏడయ్యేసరికి తలుపు వేసి పట్టీ చుట్టేది. మిషన్ చూపించిందంతా నోటుబుక్కులో రాసేది. ఆదివారం ఫోనులో చదివి వినిపించేది.

శీతాకాలం రాకముందు డాక్టరు స్వయంగా చూసినప్పుడు పై అంకె నూట అరవై అయిదు. జిపార్ నోటుబుక్కులో మొదటి వారమే నూట పన్నెండు!

"చూశారా నా మాత్ర పవరు!" అని డాక్టరు నర్సులందరికీ ఆ కాగితం చూపించాడు. "ఇలాంటి కోడలు ఇంటికొకరుంటే చాలు, నాకు సగం పని తప్పుతుంది."

ఆ మెప్పు అపా చెవిన పడింది. పడితే ఊరుకుంటుందా? టీకి వచ్చిన అమ్మలక్కల ముందు గొప్పలు మొదలుపెట్టింది.

"ఈ ఇంట్లో కోడలి చేతులంటే నా చేతులే. నేను వేలు కదిపితే అది పరుగెడుతుంది."

పరుగెత్తడం మాత్రం ఈమధ్య తగ్గింది. జిపార్‌కి ఎనిమిదో నెల.

"నెలలు నిండకుండానే ఈ సోకులేమిటే? ఆరుగుర్ని కన్నాను నేను. పొద్దున కని మధ్యాహ్నానికి గుర్రం పాలు పితికాను. నీ పుట్టింట్లో మంచాల మీద కూచోబెట్టి పెంచారా?"

జిపార్ తల గుడ్డ ముందుకు లాక్కుని, బకెట్టు తీసుకుని బయటికి పోయేది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పే కోడళ్ళు ఆ ఊళ్ళో లేరు.

ఫిబ్రవరిలో అంకెలు పెరగడం మొదలైంది. నూట ఇరవై ఎనిమిది. నూట నలభై. నూట యాభై ఆరు.

డాక్టరు మొహం చిట్లించాడు. ముసలమ్మ దొంగచాటుగా గొర్రె కొవ్వు లాగిస్తోందనుకున్నాడు. మాత్రలు రెట్టింపు చేయమన్నాడు. అపా బుద్ధిగా మింగింది. అయినా ఎర్ర గీత పైకే పోయింది.

మార్చి మొదటి ఆదివారం ఫోనులో జిపార్ గొంతు సన్నగా వచ్చింది.

"నూట డెబ్బై ఎనిమిదండి."

"తలనొప్పి ఉందా?"

"ఉందండి. పగిలిపోతోంది."

"చూపు?"

"కళ్ళ ముందు మెరుపులొస్తున్నాయండి."

"కాళ్ళు?"

"బూట్లు పట్టడం లేదండి."

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. "ఇంక ఒక్క రోజు కూడా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి పంపించు!"

ఊరంతా కదిలింది. రెండు రోజులు పారలు పట్టి కనుమ దారి తవ్వారు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క జీపు వాకిట్లోకి వచ్చింది. అపా వెల్వెట్ కోటు తొడుక్కుని, పట్నంలో చెల్లెలికి ఎండు పెరుగుండలు మూట కట్టుకుని, అందరి భుజాల మీదా వాలుతూ జీపెక్కింది.

"అపా, నేనూ వస్తాను," అంది జిపార్ తలుపు పట్టుకుని. "డాక్టరుగారికి ఒక్క మాట చెప్పాలి..."

"నువ్వొస్తే ఆవు పాలు ఎవడు పితుకుతాడే? డాక్టరుతో నీకేం మాటలు? పెద్దవాళ్ళున్నారు చెప్పడానికి. లోపలికి పో!"

జిపార్ చెయ్యి తీసేసింది. జీపు కనుమ దాటిన గంటకు మంచు విరిగిపడి దారి మళ్ళీ మూసుకుపోయింది. తవ్వడానికి ఈసారి నాలుగు రోజులన్నారు.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరు అపా చేతికి స్వయంగా పట్టీ చుట్టాడు. అపా మళ్ళీ కేకలు పెట్టింది.

నూట పద్దెనిమిది.

నర్సు మిషన్ మార్చింది. నూట పదహారు. రెండో చెయ్యి చూశారు. అదే. కాళ్ళు నొక్కి చూశారు. వాపు లేదు.

డాక్టరు గ్రాఫు కాగితం ముందేసుకుని బుర్ర గోక్కున్నాడు.

"కోడలికి ఫోను చేసి అడుగుదామా అపా?"

"చేశాను నాయనా, పొద్దుటినుంచి ఎత్తడం లేదు. నేను లేను కదా, ముసుగుతన్ని పడుకుని ఉంటుంది మొద్దు మొహం."

"పోనీ మీరే చెప్పండి. ఇంట్లో పట్టీ ఏ చేతికి చుట్టేవారు? కుడికా, ఎడమకా?"

అపా టీ ఊదుకుని, ఒక గుక్క తాగి నవ్వింది.

"నా చేతికెందుకు చుట్టనిస్తాను నాయనా, మొదటి రోజునుంచీ దాని చేతికే చుట్టుకోమన్నాను కదా!"