టేకా, దేవదారా

అనంతపురం అంగట్లో మా ఆయన సుందర్రాజు ముందు రెండు చిన్న గిటార్లు ఉన్నాయి. ఒకటి టేకుది, ఒకటి దేవదారుది. చర్చిలో వాయించడానికి ఒకటి కొనాలి. ఆయన మనసు దేవదారు మీదే ఉంది.

"మన ఎండలకు అది చీలిపోతాది. టేకే మేలు," అన్నాను.

"నాదం విని చెప్పు మే."

నేను కుండనైనా మోగించి చూడందే కొనను. సరేనని అటు తిరిగి నిలబడ్డాను. ముందు టేకు, తర్వాత దేవదారు వాయిస్తానన్నాడు. రెండుసార్లూ విన్నాను.

"రెండోదే బాగుండాది."

ఇటు తిరిగేసరికి ఆయన తల గోక్కుంటున్నాడు. "నువ్వు ఏదన్నా అదే రావల్లని, రెండుసార్లూ దేవదారే వాయించినా మే."

"తెలుసులే. రెండుసార్లూ గిటారు గొంతు ఒకటే. మొదటిసారి దొంగపనికి చెయ్యి వణికింది. దాన్నే తీసుకో. ఎండాకాలం చీలకుండా నీళ్ల కడవల పక్కన పెట్టుకుందాం."