డబ్బా మూత

కారెక్కినవాళ్ళ ఫోను ఏ పాట ఎక్కువసార్లు విందో, ఆ పాటే అడక్కుండా కారు పాడేసే రోజులవి. ఆపడానికి మీటంటూ లేదు. పరువుగలవాళ్ళు ఫోన్ని స్టీలు డబ్బాలో పెట్టి, గట్టిగా మూత బిగించి మరీ కారెక్కేవారు. విజయనగరంలో సంగీతం టీచరు భాస్కరమ్మగారూ అంతే. కానీ ఆవేళ ఆ మూత కాస్తా ఆవకాయ గిన్నె మీదికి వెళ్ళిపోయింది. హడావిడిలో ప్లాస్టిక్ మూత పెట్టుకొచ్చారు.

కారు పైడమ్మది. చిన్నప్పుడు పాఠానికొస్తే, "నీ గొంతుకి సంగీతం అబ్బదమ్మా" అని టీచరుగారే మాన్పించేశారు. దారిలో కనబడ్డారని, "ఎండలో నడుస్తారేంటి టీచర్, ఎక్కండి" అంది.

కారు కదలగానే ఓ పసిగొంతు మోహనంలో కీర్తన అందుకుంది. ఒక్క స్వరమూ తొణకలేదు.

"ఎవరండీ, మీ అమ్మాయా?" అంది పైడమ్మ.

భాస్కరమ్మగారు గబుక్కున డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పారు. పాట ఆగలేదు. చివర్లో ఆ పసిగొంతే, "బాగా పాడానా టీచర్? మా అమ్మకి వినిపిస్తారా?" అని అడిగింది.

పైడమ్మ కారు పక్కకి ఆపేసింది.

"మా అమ్మాయి నీ ముందు తేలిపోతుందనే మాన్పించానే పైడమ్మా," అన్నారు టీచరుగారు, తలెత్తకుండా.

కారు మళ్ళీ మొదటినుంచి అందుకుంది. పాడటం ఏనాడో మానేసిన పైడమ్మ చెయ్యి, స్టీరింగు మీద లయ తప్పకుండా తాళం వేస్తోంది.